కాన్‌స్టంటైన్ బ్రిస్టల్‌లో నోరు విప్పడం తప్పా?

నల్లకోటు:
లియరీ కాన్‌స్టంటైన్ అనగానే మనకి గుర్తొచ్చేది వెస్టిండీస్ ఆల్‌రౌండర్. 1928లో లార్డ్స్‌లో మిడిల్‌సెక్స్ మీద 86 కొట్టి, ఏడు వికెట్లు తీసి, మళ్లీ 103 కొట్టి మ్యాచ్ గెలిపించినవాడు. నా గొడవ ఆట గురించి కాదు. 1963లో ఆయన లండన్‌లో ట్రినిడాడ్ అండ్ టొబాగో హైకమిషనర్. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ బస్సు కంపెనీ నల్లవాళ్లని కండక్టర్లుగా, డ్రైవర్లుగా తీసుకోనంది. అక్కడి నల్లవాళ్లు బస్సులెక్కడం మానేశారు. ఈయన వెళ్లి కంపెనీని బాహాటంగా తప్పుపట్టాడు. దౌత్యవేత్తకి పరాయి దేశపు తగాదాతో ఏం పని? సొంత ప్రభుత్వానికే అది నచ్చలేదు. 1964లో పదవి వదిలి బయటికొచ్చాడు. తప్పు ఆయనదే అంటాను. కాదనేవాళ్లు రండి.

మిడాఫ్:
వచ్చాం సార్. 1943 సంగతి వదిలేశారేం? లార్డ్స్‌లో మ్యాచ్ ఆడడానికి వచ్చి, లండన్ ఇంపీరియల్ హోటల్లో నాలుగు రాత్రులకి గది బుక్ చేసుకుంటే, భార్యాబిడ్డతో సహా ఒక్క రాత్రి ఉండి వెళ్లిపొమ్మన్నారు. తెల్ల అమెరికన్ సైనికులకి ఇబ్బందట! ఆ అవమానం పడ్డ మనిషి ఇరవై ఏళ్ల తర్వాత బ్రిస్టల్‌లో కళ్లు మూసుకోవాలా?

నల్లకోటు:
అదే నా పాయింట్. అప్పుడు కోర్టుకెళ్లాడు, 1944లో గెలిచాడు. వర్ణవివక్ష మీద చట్టమే లేని రోజులవి. సత్రం నడిపేవాడు కారణం లేకుండా బాటసారిని కాదనకూడదన్న పాత సూత్రం మీద కేసు నిలబడింది. వచ్చిన పరిహారం ఐదు గినీలు. అయినా ఆ తీర్పు చెప్పుకోదగ్గదే. కానీ అప్పుడాయన మామూలు మనిషి, హైకమిషనర్ కాదు. యాభై దాటాక బారిస్టరయ్యాడు, 1956 నుంచి ట్రినిడాడ్ ప్రభుత్వాధినేత ఎరిక్ విలియమ్స్ దగ్గర మంత్రిగా చేశాడు. ప్రభుత్వంతో ఒక మాట చెప్పి ముందుకెళ్లాలని ఆయనకి తెలియదా?

ఆర్టీసీ ఇంటబ్బాయి:
మా నాన్న కండక్టర్. టికెట్ల సంచీ భుజాన వేసుకుని బస్టాండ్‌లో నడుస్తుంటే ఊరంతా పలకరించేది. అందుకని ఒక మాట. బ్రిస్టల్ కంపెనీ నల్లవాళ్లకి అసలు పనే ఇవ్వలేదనుకోకండి. వర్క్‌షాపులో, క్యాంటీన్‌లో తీసుకునేది. జనానికి కనబడే ఉద్యోగం మాత్రం వద్దంది. పైగా దానికి యూనియన్ వత్తాసు! నాకు అన్నిటికన్నా మంట అక్కడే. కార్మికుల యూనియన్ కూడా అటే ఉంటే వాళ్ల తరఫున మాట్లాడే పెద్దమనిషి ఎవరండీ?

నల్లకోటు:
బాధ అర్థమైంది తమ్ముడూ. కానీ ఆ బస్సు కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లి, రంగు వల్ల వెనక్కొచ్చిన కుర్రాడు జమైకావాడు. ట్రినిడాడ్ హైకమిషనర్‌కి అతను పౌరుడు కూడా కాదు. ఈ దీవులన్నీ కలిసి కట్టుకున్న వెస్టిండీస్ సమాఖ్య 1962లోనే విడిపోయింది కదా.

పాత స్కోర్‌బుక్:
నల్లకోటు గారు భలే చోట పట్టుకున్నారు. నేనూ అక్కడే పట్టుకుంటాను. కాన్‌స్టంటైన్ జమైకావాణ్ని పరాయివాడనుకుంటాడా? జమైకా బ్యాట్స్‌మన్ హెడ్లీతో ఒకే వెస్టిండీస్ జట్టులో ఆడినవాడు! దీవులన్నీ ఒక దేశమన్నది ఆయనకి డ్రెస్సింగ్ రూంలోనే అలవాటైంది. రాజకీయ నాయకులు సమాఖ్య కట్టుకున్నారు, నాలుగేళ్లకే కూల్చుకున్నారు. క్రికెట్ జట్టు మాత్రం విడిపోలేదు. నిజం చెప్పాలంటే ఆయన పక్కా రాజకీయ నాయకుడూ కాదు. 1961 ఎన్నికల్లో నిలబడనే లేదు.

మాటలో మాట, ఈయన 1934లో మన విజ్జీ (విజయనగరం మహారాజ్‌కుమార్) జట్టు తరఫున హైదరాబాద్ మొయినుద్దౌలా కప్ ఆడాడు. ఆ విజ్జీయే తర్వాత విశాఖ ఎంపీ అయ్యాడు. ఇద్దరూ క్రికెటర్లే, ఇద్దరూ రాజకీయాల్లోకొచ్చినవాళ్లే. పోలిక అంతకుమించి లాగితే కాన్‌స్టంటైన్‌కి అన్యాయం.

మిడాఫ్:
ఫలితం కూడా చూడండి. 1963 ఆగస్టు 28న కంపెనీ దిగొచ్చింది. సెప్టెంబర్‌లో బస్సెక్కిన మొదటి తెల్లేతర కండక్టర్ ఒక సిక్కు. 1965లో వర్ణవివక్ష మీద చట్టం వచ్చింది. మరుసటేడు ఆ చట్టం కింద పెట్టిన బోర్డులో కాన్‌స్టంటైన్‌కే చోటిచ్చారు, 1969లో లార్డ్‌ని చేశారు. ఆతిథ్యమిచ్చిన దేశమే తప్పనుకోలేదు, మనకెందుకు సార్?

నల్లకోటు:
ఫలితం మంచిదైతే పద్ధతి ఒప్పయిపోతుందా? బహిష్కరణ చేసింది బ్రిస్టల్ జనం, ఈయన వెళ్లకపోయినా గెలిచేవాళ్లేమో. డ్రెస్సింగ్ రూం మాట మాత్రం గట్టిది, ఒప్పుకుంటున్నా. అయినా జీతమిచ్చింది ట్రినిడాడ్ అండి, వెస్టిండీస్ జట్టు కాదు. నా ఓటు మారలేదు.

స్కోర్‌బుక్ గారూ, ఆ మొయినుద్దౌలా మ్యాచ్ స్కోర్‌కార్డు మీ దగ్గరుంటే ఇక్కడ పెట్టండి.