వాక్యం రకం మారినా అర్థం మారదా?

అక్షరయాత్రి:
ఇంగ్లీషు వ్యాకరణంలో ‘అర్థం చెడకుండా వాక్యం రకాన్ని మార్చండి’ అనే అభ్యాసం అందరికీ పరిచయమే. సామాన్య (సింపుల్) వాక్యాన్ని సంక్లిష్టంగానో (కాంప్లెక్స్) సంయుక్తంగానో (కాంపౌండ్) మార్చినప్పుడు అర్థం నిజంగానే చెక్కుచెదరకుండా ఉంటుందా, లేక ఉన్నట్టు మనమే సర్దుకుపోతున్నామా?

సూత్రప్రియ:
చెడదు. ‘హీ ఈజ్ టూ వీక్ టు వాక్’ అన్నా, ‘హీ ఈజ్ సో వీక్ దట్ హీ కెనాట్ వాక్’ అన్నా, ఆ మనిషి నడవలేడనే తేలుతుంది. మొదటి వాక్యంలో ‘టూ’ చాటున ఉన్న వ్యతిరేకార్థం రెండోదానిలో ‘నాట్’గా బయటపడింది, అంతే.

పదచింతన:
సూత్రప్రియ గారు తమకు కలిసొచ్చే ఉదాహరణనే ఎంచుకున్నారు. ‘హీ వర్క్‌డ్ హార్డ్ అండ్ హీ పాస్డ్’ అనే సంయుక్త వాక్యాన్ని ‘హీ పాస్డ్ బికాజ్ హీ వర్క్‌డ్ హార్డ్’ అని మార్చి చూడండి. మొదటిదానిలో రెండు సంగతులు పక్కపక్కన ఉన్నాయి, వాటి మధ్య కార్యకారణ సంబంధాన్ని పాఠకుడు ఊహించుకోవాలి; రెండోదానిలో ఆ సంబంధాన్ని రచయితే చెప్పి, దానికి పూచీ పడుతున్నాడు. కర్తరి (యాక్టివ్), కర్మణి (పాసివ్) వాక్యాలకు కూడా ఎప్పుడూ ఒకే అర్థం ఉండదని భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1957లోనే చూపించారు: గదిలోని ప్రతి ఒక్కరికీ కనీసం రెండు భాషలు తెలుసునని కర్తరిలో చెబితే ఎవరి రెండు భాషలు వారివే కావచ్చు, కానీ అదే మాటను ఇంగ్లీషు కర్మణిలోకి తిప్పితే అందరికీ తెలిసిన ఆ రెండు భాషలూ ఒకటేనన్న భావం వచ్చే అవకాశం ఉంది. ఇక ఆశ్చర్యార్థకంలోని ‘వాట్ ఎ’ తీసి ‘వెరీ’ పెట్టినప్పుడు ఆ ఆశ్చర్యం ఎటు పోతుందో అడగనే అక్కరలేదు.

నేర్చుకునేవాడు:
నన్ను తికమక పెట్టింది అర్థం కాదు, పేర్లు. ‘పని ముగించి ఇంటికి వెళ్ళాడు’ అనే వాక్యంలో ‘ముగించి’ అసమాపక క్రియ (వాక్యాన్ని పూర్తి చేయనిది) కనుక తెలుగు వ్యాకరణం దాన్ని సంక్లిష్ట వాక్యం అంటుంది. అదే ‘హావింగ్ ఫినిష్డ్ హిస్ వర్క్, హీ వెంట్ హోమ్’ అయితే, సమాపక క్రియ ‘వెంట్’ ఒక్కటే కనుక ఇంగ్లీషు లెక్కలో సామాన్య వాక్యం. ఈ తేడా తెలియక చాలాకాలం తప్పులే రాశాను.

సూత్రప్రియ:
ఈ తేడాను మొదటి రోజే చెప్పాలి, ఒప్పుకుంటాను. అయితే అర్థం చెడకూడదన్న షరతును తీసేస్తే జవాబు దిద్దడానికి ఆధారమేముంటుంది? పై ‘హావింగ్’ వాక్యాన్ని సంక్లిష్టంగా మార్చమంటే ఒకరు ‘ఆఫ్టర్’, ఇంకొకరు ‘యాజ్’ వాడతారు. మార్కులు ఎవరికి వేయాలి?

పదచింతన:
ఇద్దరికీ వేయాలి. ‘ముగించాక’ అనే అర్థానికీ ‘ముగించాడు కాబట్టి’ అనే అర్థానికీ ‘హావింగ్’లో చోటుంది. రెండింటిలో దేన్ని ఎందుకు ఎంచుకున్నారో ఒక్క ముక్కలో రాయమంటే, దిద్దేవారికి కావలసిన ఆధారం అందులోనే దొరుకుతుంది.