పాత హార్మోనియం బాగుచేయించాలా, కొత్తది కొనాలా? (బడ్జెట్ 12 వేలు)

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
సరళీ, జంట వరసలు మూడు కాలాల్లో వస్తున్నాయి. ఉన్నది సింగిల్ రీడు (ఒక్కో మెట్టుకు ఒకే ఇత్తడి నాలుక), 37 మెట్ల పెట్టె. భజనలో పదిమంది గొంతెత్తితే దీని నాదం వినబడదు. ఎంత గాలి కొట్టినా చాలదు. మంద్రంలో రెండు స్వరాలు ఆలస్యంగా పలుకుతున్నాయి. స్కేల్ ఛేంజర్ (మెట్ల పలకను పక్కకు జరిపి శ్రుతి మార్చుకునే పెట్టె) కొనమని కొందరు, వద్దే వద్దని కొందరు. తెలిసిన పెద్దలు చెప్పండి.

జవాబు 1 (బరంపురం)
ముందు లీకు చూడండి బాబూ. స్టాపర్లన్నీ (రీడ్లకు గాలి వదిలే గుబ్బలు) మూసి నాలుగైదుసార్లు గాలి కొట్టండి. తిత్తి బిగుసుకుని చేతిని ఎదురు తన్నాలి. మెత్తగా లోపలికి పోతోందంటే తిత్తి మడతల్లోనో మూలల్లోనో గాలి పోతున్నట్టే. తర్వాత మెట్లేవీ నొక్కకుండా రీడు స్టాపరు తీసి గాలి కొట్టండి. ఏదైనా స్వరం దానంతటదే మోగితే ఆ మెట్టు కింద తోలు సరిగా కూర్చోలేదు, లేదా స్ప్రింగు నీరసపడింది. చాలాసార్లు అక్కడ ఇరుక్కున్నది ఒక్క ఇసుక రేణువే. మెట్టు నొక్కి, పైకి లేచిన తోలు కింద పలుచని కాగితం దూర్చి, మెట్టు వదిలి, కాగితం మెల్లగా లాగండి. దానితోపాటు రేణువు వచ్చేస్తుంది.

ఆలస్యంగా పలికే రీడుకు నాలుక కింద సందు తేడా వచ్చి ఉంటుంది. సందు మరీ తక్కువైతే నాలుక బిగుసుకుంటుంది, ఎక్కువైతే గాలి ఎక్కువ తింటుంది. ఇది మేస్త్రీ పని. ఇంట్లో ఆకురాయి పట్టుకోవద్దు: నాలుక కొస దగ్గర గీస్తే శ్రుతి పెరుగుతుంది, రివెట్టు దగ్గర గీస్తే తగ్గుతుంది, ఒకసారి పోయిన ఇత్తడి తిరిగి రాదు.

ఇవన్నీ బాగైనా సింగిల్ రీడు పదిమంది గొంతుకు సరిపోదు. మార్చాల్సిందే. కానీ పాతది అమ్మకండి, సాధనకు అదే హాయి.

జవాబు 2 (రాయగడ)
ఆ డబ్బుకు కొత్త స్కేల్ ఛేంజర్ వైపు పోవద్దు. ఖర్చంతా జరిగే పలకల మీదికి పోతుంది, రీడ్లు నాసిరకం పడతాయి. బేస్–మేల్ డబుల్ రీడు (మెట్టుకు కింది స్థాయి రీడొకటి, మధ్య స్థాయి రీడొకటి), కప్లర్ (నొక్కిన మెట్టుతోపాటు మరో స్థాయిలోని అదే స్వరాన్నీ పలికించేది) ఉన్న మామూలు పెట్టె వాడినదైనా సరే తీసుకోండి. గుజరాత్ పాలితానా రీడ్లని చెప్పి అమ్ముతారు. ఆ పేరుకు గిరాకీ ఉంది, అయినా పేరు చూసి కాదు, చెవితో విని కొనండి.

కొనేటప్పుడు బేస్ ఒక్కటే తెరిచి మంద్ర స్థాయి మెట్లన్నీ ఒక్కొక్కటీ అతి మెత్తగా నొక్కండి. నొక్కగానే పలకాలి. తర్వాత మేల్ ఒక్కటే. ఆపైన రెండూ కలిపి. ఏదైనా మెట్టు దగ్గర నాదం 'వాఁ వాఁ' అని ఊగితే ఆ జత శ్రుతి కలవలేదు. ఫోన్ ట్యూనర్‌ను 440 మీద పెట్టి సరిచూసుకోండి.

జవాబు 3 (బరంపురం, మరొకరు)
పై మాటలో ఒక సవరణ. పాడేవాళ్లు రోజుకొక శ్రుతి అడిగితే స్కేల్ ఛేంజర్ అక్కర్లేదని తోసేయలేం. మగవాళ్లు ఒకటిన్నర శ్రుతి (C#), ఆడవాళ్లు ఐదున్నర (G#) అంటే వేళ్లు తడబడతాయి. అయితే మీరు నేర్చుకునే దశలో ఉన్నారు కాబట్టి అన్ని శ్రుతుల్లో వాయించడం ఇప్పుడే అలవడాలి. మాయామాళవగౌళకు సా నుంచి నలుపూ తెలుపూ కలిపి లెక్కపెట్టండి: రి 1, గ 4, మ 5, ప 7, ద 8, ని 11, పై సా 12. ఏ మెట్టు మీద సా పెట్టినా ఈ లెక్క మారదు. వారానికొక శ్రుతి చొప్పున 12 వారాలు చాలు.

మన గంజాం తీరంలో వానాకాలం చెక్క ఉబ్బి స్కేల్ ఛేంజర్ పలక జరగనే జరగదు, మామూలు మెట్లు కూడా పక్కలకు రాసుకుంటాయి. అప్పుడు నూనె వేయకండి, దుమ్ము పట్టి తోలు పాడవుతుంది. ఎండలో అసలే పెట్టకండి, తిత్తి బంక ఊడిపోతుంది. తిత్తి మూసి, కొక్కెం పెట్టి, సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెట్టెలో ఉంచండి.

ప్రశ్నించినవారు
లీకు చూశాను. తిత్తి ఎడమ మూల దగ్గర గాలి పోతోంది. కోల్‌కతాలో వాడిన డబుల్ రీడు ఒకటి ఉందన్నారు, రైల్లో తేవచ్చా?

జవాబు 2 (రాయగడ)
తేవచ్చండి, లగేజీ వ్యాన్‌లో మాత్రం వేయకండి. మెట్ల మీద మడిచిన తువ్వాలు పరిచి, మూత బిగించి, సీటు కింద నిలబెట్టకుండా పడుకోబెట్టండి. ఇంటికొచ్చాక ఒక రాత్రి ఆగి, అప్పుడు గాలి కొట్టండి.