సోర్బోన్ యూనివర్సిటీ పరిశోధనా పత్రాలు: మూడు డేటాబేసుల్లో మూడు అంకెలు, ఏది పట్టుకోవాలి?

గుంటూరు_గ్రంథాలయం:
అందరికీ నమస్కారం. గుంటూరులో లైబ్రరీ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్‌లో ఒక అధ్యాయం పెద్ద యూరోపియన్ విశ్వవిద్యాలయం మీద. 2014 నుంచి 2023 దాకా అక్కడ ఏ విభాగంలో ఎంత పరిశోధన వచ్చిందో చూపాలి. సాహిత్యం, వైద్యం, సైన్స్-ఇంజినీరింగ్ మూడూ ఒకే గొడుగు కింద ఉన్నాయని పారిస్‌లోని సోర్బోన్ యూనివర్సిటీని తీసుకున్నాను. స్కోపస్ (చందా కట్టి వాడే పరిశోధనా పత్రాల సూచిక), ఓపెన్‌అలెక్స్ (ఉచిత సూచిక), ఫ్రెంచివాళ్ల హాల్ రిపాజిటరీ (పరిశోధకులు పత్రాలు దాచుకునే భాండాగారం) మూడూ చూస్తే దేని అంకె దానిదే. పేరుతో వెతికితే 2018కి ముందు పత్రాలు బాగా తగ్గిపోతున్నాయి. ఫిజిక్స్, వైద్యం కొండంత కనిపిస్తుంటే సాహిత్యం సోదిలో కూడా లేదు. స్కోపస్ యాక్సెస్ ఈ నెలాఖరు వరకే. దేన్ని ఆధారం చేసుకోమంటారు?

బెజవాడ_డేటా:
ఏ డేటాబేస్ అన్నది తర్వాత చూద్దామండి. ముందు ఏ పత్రం సోర్బోన్‌ది, ఏది కాదు అన్నది తేల్చుకోవాలి. మీ తేడాల్లో చాలాభాగం అక్కడే ఉంది.

ఈ యూనివర్సిటీ ఇప్పటి రూపంలో 2018 జనవరి 1న పుట్టింది. పియెర్ ఎ మరీ క్యూరీ (పారిస్-6), పారిస్-సోర్బోన్ (పారిస్-4) కలిసి ఒకటయ్యాయి. 2014-17 పత్రాలు ఆ పాత పేర్ల మీద ఉంటాయి కాబట్టి రెండు పేర్లనూ, వాటి పొట్టి రూపాలనూ వెతుకులాటలో కలపాలి.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. విలీనానికి ముందు "సోర్బోన్ యూనివర్సిటేస్" అని బహువచనంలో ఒక సమాఖ్య ఉండేది. అందులో కాంపియేన్ టెక్నాలజీ యూనివర్సిటీ, పారిస్ సహజ చరిత్ర మ్యూజియం కూడా సభ్యులే. ఆ రోజుల్లో వాళ్ల పత్రాల అడ్రస్ వరుసలో మొదట ఈ సమాఖ్య పేరు, ఆ తర్వాతే సొంత సంస్థ పేరు వచ్చేది. మీరు "సోర్బోన్" అని కొడితే కాంపియేన్ మెకానికల్ ఇంజినీర్ల పత్రాలు కూడా మీ సంచిలో పడతాయి. పాంథియోన్-సోర్బోన్ (పారిస్-1), సోర్బోన్ నువెల్ (పారిస్-3), సోర్బోన్ పారిస్ నోర్ (పారిస్-13) పూర్తిగా వేరే యూనివర్సిటీలు. వీటిని పేరుపేరునా తీసేయాలి.

విజయవాడలోనూ ఈ చిక్కుంది. ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. మధ్యకాలం పత్రాలు ఇంకో పేరు కింద కూర్చున్నాయి. పేరుతో కాకుండా ఆర్‌ఓఆర్ (ప్రతి పరిశోధనా సంస్థకూ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) సంఖ్యతో వెతకడం అందుకే మేలు. పాత సంస్థలు ఆ సంఖ్య కిందకి వచ్చాయో లేదో 2015 పత్రాలు ఓ పది తెరిచి సరిచూసుకోండి.

కణభౌతికం_అమరావతిరోడ్డు:
ఫిజిక్స్ కొండంత కనిపించడానికి కారణం లెక్కించే పద్ధతి. హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద సెర్న్ కణభౌతిక ప్రయోగశాలలోని అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి 2015లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వేసిన పత్రానికి 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లు, సంస్థలే. సోర్బోన్ భాగస్వామిగా ఉన్న ఎల్‌పీఎన్‌హెచ్‌ఈ ప్రయోగశాల అట్లాస్‌లో ఉంది. పూర్తి లెక్క వేస్తే ఆ పత్రం సోర్బోన్‌కి 1. ముగ్గురే రాసిన గణిత పత్రం కూడా 1. వాటా లెక్కలో, అక్కడివాళ్లు పదిమంది ఉన్నారనుకుంటే 10ని 5,154తో భాగించాలి, 0.002 కూడా రాదు. సైటేషన్లు (ఒక పత్రాన్ని ఇతర పత్రాలు ఉదహరించిన సంఖ్య) కూడా అంతే, ఇలాంటి పత్రాలు పదీ పాతికా ఉంటే చాలు, విభాగం సగటే మారిపోతుంది.

వాటా లెక్క ఇలా వేయండి. ఒక పత్రానికి ఐదుగురు రచయితలు, వాళ్లలో ఒకరు సోర్బోన్ మాత్రమే రాశారు, ఇంకొకరు సోర్బోన్‌తో పాటు సీఎన్ఆర్ఎస్ (ఫ్రాన్స్ జాతీయ పరిశోధనా సంస్థ) కూడా రాశారు. మొదటివారికి 1/5, రెండోవారికి అందులో సగం 1/10. మొత్తం 0.3.

కానీ ఆ సగం చేయడం దగ్గరే ఫ్రాన్స్‌కి అన్యాయం జరుగుతుంది. అక్కడి ప్రయోగశాలల్లో చాలావరకు ఉమ్మడివి. సెర్జ్ అరోష్ (2012 ఫిజిక్స్ నోబెల్) పనిచేసిన కాస్లర్-బ్రొసెల్ ప్రయోగశాలనే తీసుకోండి: సోర్బోన్, ఎకోల్ నార్మల్, కొలేజ్ ద ఫ్రాన్స్, సీఎన్ఆర్ఎస్ నాలుగింటికీ అది సొంతం. రచయిత అడ్రస్‌లో నాలుగు పేర్లూ రాస్తే సోర్బోన్‌కి దక్కేది పావు వాటా. అదే పని కేంబ్రిడ్జ్‌లో జరిగితే ఒకే పేరు, పూర్తి వాటా. మీరు వేరే దేశంతో పోల్చేటట్టయితే సీఎన్ఆర్ఎస్, ఇన్సెర్మ్ (వైద్య పరిశోధన) లాంటి జాతీయ సంస్థలను భాగహారంలోంచి తప్పించి యూనివర్సిటీల మధ్యే పంచండి. ఏ నియమం పెట్టుకున్నా అధ్యాయం మొదట్లోనే రాసేయాలి, లేకపోతే పరీక్షకులు మొదటి ప్రశ్న అక్కడే వేస్తారు.

తెనాలి_హ్యుమానిటీస్:
సాహిత్యం సోదిలో లేకపోవడానికి ఆ ఫ్యాకల్టీ ఖాళీగా కూర్చోవడం కారణం కాదు. చరిత్ర, తత్వం, భాషాశాస్త్రం వాళ్లు ఫ్రెంచిలో పుస్తకాలు, సంకలనాల్లో అధ్యాయాలు రాస్తారు. స్కోపస్ ప్రధానంగా ఇంగ్లిష్ పత్రికల మీద నడుస్తుంది. వీటికి హాల్ చూడక తప్పదు. అయితే అందులో రికార్డు రకం గమనించండి: పుస్తకం, అధ్యాయం, సదస్సు పత్రం, థీసిస్ విడివిడిగా ఉంటాయి, పూర్తి పాఠం లేని వివరాల రికార్డులు కూడా ఉంటాయి. 2016 నాటి డిజిటల్ రిపబ్లిక్ చట్టం ప్రకారం, సగమైనా ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనైతే, రచయిత తన చివరి ప్రతిని సైన్స్‌లో 6 నెలలకు, సామాజిక, మానవీయ శాస్త్రాల్లో 12 నెలలకు బయటపెట్టుకోవచ్చు. అది రచయిత హక్కే గానీ తప్పనిసరి కాదు. పైగా ఆ హక్కు పత్రికల్లో వచ్చే వ్యాసాలకే, పుస్తకాలకు వర్తించదు.

అన్ని విభాగాలనూ కూడి ఒకే మొత్తం చూపించకండి, దయచేసి. ఐదేళ్లు పట్టిన 400 పేజీల గ్రంథం ఒకటి, నాలుగు పేజీల సదస్సు పత్రం ఒకటి, కూడితే రెండు! ఆ రెండుకి అర్థం లేదు.

గుంటూరు_గ్రంథాలయం:
పేర్ల జాబితా మళ్లీ తయారుచేస్తున్నాను, చాలా థ్యాంక్సండి. స్కోపస్ పోయాక ఓపెన్‌అలెక్స్ ఒక్కదాని మీదే ఆధారపడితే థీసిస్‌కి సరిపోతుందా? విభాగాల మధ్య సైటేషన్లు పోల్చాలంటే ఎలా?

బెజవాడ_డేటా:
సరిపోతుంది. సోర్బోన్ వాళ్లే వెబ్ ఆఫ్ సైన్స్ (స్కోపస్ లాంటిదే ఇంకో చందా సూచిక) చందా ఆపేసి ఓపెన్‌అలెక్స్ వైపు వెళుతున్నామని 2023 డిసెంబరులో ప్రకటించారు. యూనివర్సిటీలను పరిశోధనా పత్రాల ఆధారంగా పోల్చే లైడెన్ ర్యాంకింగ్ కూడా 2024లో దీని మీదే ఒక ఓపెన్ ఎడిషన్ తెచ్చింది. ఆ సంగతి థీసిస్‌లో ఒక వాక్యం రాస్తే చాలు. స్కోపస్ మాత్రం ఉన్నన్నాళ్లూ వాడండి: ఒక్క 2019 సంవత్సరం జాబితా దించి పెట్టుకుంటే తర్వాత సరిపోల్చుకోవచ్చు.

ఓపెన్‌అలెక్స్‌లో సంస్థ, సంవత్సరం, రకం ఫిల్టర్లు పెట్టి ఒక్కో ఏడాది విడిగా దించండి. విషయసూచికలు, ముఖపత్రాల్లాంటి పారాటెక్స్ట్ తీసేయండి, ఉపసంహరించిన పత్రాలను వేరే షీట్‌లో పెట్టండి. ఏపీఐతో (ప్రోగ్రాం ద్వారా డేటా అడిగే దారి) దించితే మామూలు పేజీల పద్ధతి 10,000 దగ్గర ఆగిపోతుంది, ఆ పైన కర్సర్ (ఆగిన చోటి నుంచి తర్వాతి భాగం తెచ్చే గుర్తు) వాడాలి. ఎక్సెల్‌లో ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవకండి, ఫ్రెంచి పేర్లు పిచ్చి అక్షరాలైపోయి ఒకే రచయిత ఇద్దరవుతారు. డేటా మెనూలో టెక్స్ట్/సీఎస్‌వీ నుంచి తెచ్చి, 65001 యూటీఎఫ్-8 ఎంచుకోండి.

డూప్లికేట్లు మరో తలనొప్పి. ఆర్కైవ్ వెబ్‌సైటులో ముందే పెట్టిన ప్రీప్రింట్ ప్రతి, పత్రికలో వచ్చిన ప్రతి చాలాసార్లు ఒకే రికార్డుగా కలిసే ఉంటాయి. శీర్షిక మారితే మాత్రం రెండుగా మిగులుతాయి, పైగా రెండింటికీ వేర్వేరు డీఓఐలు (పత్రానికిచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యలు). ముందు డీఓఐతో (అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి), ఆ తర్వాత మొదటి రచయిత, సంవత్సరంతో జల్లెడ పట్టండి.

విభాగాల పోలికకి ముడి సైటేషన్లు వద్దు. గణితంలో ఒక పత్రానికి 4 వచ్చాయి, ఆ విషయంలో ఆ ఏడాది ప్రపంచ సగటు 2 అనుకోండి: విలువ 2.0. వైద్యంలో 15 వచ్చాయి, సగటు 30: విలువ 0.5. గణితమే మెరుగు. ఈ సగటు కూడా ఒకటి రెండు భారీ పత్రాలతో ఎగిరిపోతుంది కాబట్టి, ఆ విషయంలో ప్రపంచంలోని మొదటి 10 శాతంలో ఎన్ని ఉన్నాయన్న వాటా పక్కనే చూపండి. 2022, 2023 పత్రాలకు ఇంకా సైటేషన్లు చేరుతుంటాయి, సంఖ్య చూపండి గానీ ప్రభావం గురించి తీర్మానం చేయకండి.

విభాగాలు అక్కడ యంత్రం వేసినవే: 4 డొమైన్లు, 26 ఫీల్డులు, 252 సబ్‌ఫీల్డులు. సారాంశం లేని ఫ్రెంచి అధ్యాయాలు తప్పు ఫీల్డులో పడుతుంటాయి.

కణభౌతికం_అమరావతిరోడ్డు:
పై మాటకి ఒక్క చేర్పు. చివరి జాబితా నుంచి యాదృచ్ఛికంగా 100 పత్రాలు తీసి, పీడీఎఫ్‌లో అడ్రస్ వరుస చదవండి. ఆసుపత్రి పత్రాలు విడిగా ఓ 30 చూడండి. పిటియే-సాల్పెట్రియేర్ (పారిస్‌లో సోర్బోన్‌కి అనుబంధ ఆసుపత్రి) డాక్టర్లు కొందరు ఆసుపత్రి పేరు ఒక్కటే రాసి ఊరుకుంటారు, యూనివర్సిటీ పేరు ఉండదు. అలాంటివి సోర్బోన్ జాబితాలోకే రావు కాబట్టి ఈ 30 ఆసుపత్రి పేరుతో వెతికి తీయాలి. వందలో ఎన్ని తప్పుగా చేరాయో, ముప్ఫైలో ఎన్ని తప్పిపోయాయో రెండు అంకెలూ పట్టిక కిందే వేయండి. మన నాగార్జున యూనివర్సిటీ మీద చేసేవాళ్లు కూడా ఇదే పరీక్ష పెట్టుకోవాలి. అక్కడ ఏఎన్‌యూ అన్న పొట్టి పేరు ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీది కూడా.