కుడి మెదడు దెబ్బతింటే గొంతుల ప్రేమ పోతదా?

మూసీగట్టు (నల్లగొండ): మా నాయనకు పోయినేడు కుడి మెదడుల స్ట్రోక్ వచ్చింది. ఎడమ చెయ్యి ఇంకా కొంచెం గుంజుతది గాని మాట సాఫ్‌గనే ఉంది. గొంతు మాత్రం సప్పగైంది. మనవరాలు క్లాస్ ఫస్టొచ్చిందంటే "మంచిగైంది" అన్నడు, కరెంటొచ్చిందని చెప్పినట్టు. డాక్టరేమో "మాట బాగుంది కదా, ఇంకేం ఫికర్ లేదు" అని పంపిండు. మాటంటే ఉత్త అక్షరాలేనా?

నాగర్‌కర్నూల్ మాస్టర్: మాట ఎడమ మెదడు పని తమ్మీ. 1861ల పారిస్‌ల పాల్ బ్రోకా, "టాన్" తప్ప ఇంకేం పలకలేని మనిషి చచ్చిపోయినంక మెదడు కోసి చూస్తే ఎడమ ముందుభాగం చెడిపోయి ఉంది. మీ నాయనకు కుడి దిక్కు గదా. గది మాట జబ్బు కాదు, దిగులు. స్ట్రోక్ తర్వాత మస్తు మందికొస్తది.

సూర్యాపేట స్పీచ్ థెరపిస్ట్: దిగులు కావచ్చు సార్, చూపించాల్సిందే. కానీ కుడి మెదడును పక్కకు పెట్టొద్దు. ఎలియట్ రాస్ అనే న్యూరాలజిస్ట్ 1981ల కుడివైపు స్ట్రోకొచ్చినోళ్ల గురించి రాసిండు. ముందుభాగం దెబ్బతిన్నోళ్లకు గొంతుల ఎత్తుపల్లాలు పోతయి, ఎదుటోళ్ల కోపం, సంతోషం మాత్రం చెవికి తెలుస్తయి. వెనకభాగం దెబ్బతింటే ఎదుటోళ్ల గొంతుల భావమే అందదు. దీన్ని అప్రొసోడియా అంటరు. పేషెంట్లందరిల అంత సాఫ్‌గ విడిపోదు గాని, ఉన్న జబ్బే.

నాగర్‌కర్నూల్ మాస్టర్: అంటే రాగమంత కుడి దిక్కేనా? చైనీస్‌ల స్వరం మారితే అర్థమే మారుతది. గదెక్కడ?

సూర్యాపేట స్పీచ్ థెరపిస్ట్: ఆ భాష మాట్లాడెటోళ్లకు అర్థం మార్చే స్వరంల ఎడమ దిక్కు పాత్ర ఎక్కువ. అంతా కుడే అని నేననలే. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుల మెదడు లోపలి బేసల్ గ్యాంగ్లియా అనే భాగం చెడితే కూడా గొంతు సప్పగైతది. 2020ల ఒక ప్రయోగంల పాటలను రెండు తీర్ల చెడగొట్టి వినిపించిన్రు. శబ్దం క్షణక్షణానికి మారే సన్నటి వివరాలు తీసేస్తే పదాలు అందలే, స్వరం ఎత్తుపల్లాల వివరాలు తీసేస్తే రాగం అందలే. పదాలను పట్టే పని మెదడుల వినికిడి చూసే ఎడమ భాగంల, రాగాన్ని పట్టే పని కుడి భాగంల కనబడ్డది.

పిల్లలమర్రి నీడ: మా అవ్వకు ఎడమ దిక్కు స్ట్రోక్. నీళ్లు కావాలని అడుగుడు చాతగాదు. బతుకమ్మ పాట ఎత్తుకుంటే పదాలతోని సహా పాడ్తది.

నాగర్‌కర్నూల్ మాస్టర్: చైనీస్ సంగతి ఒప్పుకున్నరు కదా, గది చాలు.

దేవరకొండ బిడ్డ: మీ చైనీస్ పక్కకు పెట్టుండ్రి సార్. మా మామకు స్ట్రోక్ రాకముందు కూడా గిదే గొంతు. ఇప్పుడు ఇంట్ల అందరు "పాపం, రోగం" అంటున్నరు. మంచం కాడ మలమూత్రాలు ఎత్తేది నేను. ఒక్కనాడు నా పేరు మెత్తగ పిలువలే. మెదడు మీదికి నెట్టుడు మీ అందరికి అల్కగుంది.

మూసీగట్టు: మా నాయనను మీ మామతోని కలపకు అక్కా. నన్ను భుజాల మీద ఎక్కించుకొని జాతరకు తీస్కపోయిన మనిషి ఆయన.

దేవరకొండ బిడ్డ: నీకు ఆ జ్ఞాపకం ఉంది, అందుకే మాఫ్ చేస్తున్నవు. మీ అమ్మను అడిగినవా?

మూసీగట్టు: ...అడుగలే. ఈయనకు నేనంటే లెక్కలేదని రోజు ఏడుస్తది. గందుకే ఇక్కడ రాసిన. అమ్మకు ఏం చెప్పాల్నో తెలుస్తలేదు.

సూర్యాపేట స్పీచ్ థెరపిస్ట్: తమ్ముడూ, ఇంట్లనే ఒకటి చేసి చూడు. మొఖం కనబడకుండ తలుపు ఎనక నిలబడి "బస్సొచ్చింది" అని కోపంగ, సంతోషంగ, ఏడుపుగొంతుతోని అను. ఏది ఏదో నాయన చెప్పాలె. తర్వాత ఆయన్నే గట్ల అనుమను. గిది ఉత్త అంచనా, రోగం తేల్చేది న్యూరాలజిస్ట్.

మూసీగట్టు: చేసిన. అన్నీ కరెక్ట్‌గ చెప్పిండు. ఆయన అన్నప్పుడు మాత్రం మూడూ ఒక్కతీర్గనే ఉన్నయి. అమ్మ అక్కడే ఉంది. "గట్లయితే నోటితోని చెప్పుమను, సంతోషమైందని" అన్నది. చెప్పిండు.

నాగర్‌కర్నూల్ మాస్టర్: మంచిది. దిగులు సంగతి కూడా డాక్టర్‌ను అడుగుండ్రి, నేను గా మాట ఇడువ.

దేవరకొండ బిడ్డ: మా ఇంట్ల గా పరీక్ష నేను పెట్టను. ఏం తేలినా పొద్దున లేస్తే పని నాదే. మా ఆయన, మరుదులు వంతులు వేసుకొని మంచం కాడ కూసుంటే, అప్పుడు మామ గొంతు గురించి మాట్లాడుకుందం.