మనీ లాండరింగ్ అలర్ట్‌ల మోడల్: టెస్టులో 0.98, లైవ్‌లో చతికిలబడింది. ఎందుకు?

ప్రశ్న

లావాదేవీల నిఘాకి పాత రూల్స్ సిస్టమ్ ఉంది. అది లేపే అలర్ట్‌లలో చాలామటుకు ఉత్తివే. అందుకని 18 నెలల అలర్ట్‌లు తీసుకుని, ప్రభుత్వానికి అనుమానాస్పద లావాదేవీ నివేదిక వెళ్లినవాటికి 1, మిగతావాటికి 0 అని లేబుల్ పెట్టి ఎక్స్‌జీబూస్ట్ (నిర్ణయ వృక్షాల వరస) మోడల్ కట్టాం. పాజిటివ్‌లు (1 లేబుల్ ఉన్నవి) తక్కువని స్మోట్ (కృత్రిమ పాజిటివ్‌లని పుట్టించే పద్ధతి) వాడాం. డేటాని 80:20గా కలగాపులగంగా విడగొడితే ఏయూసీ (నిజమైనవాటిని ఉత్తివాటికంటే పైన పెట్టగలదా అనే కొలత, గరిష్ఠం 1) 0.98. కొత్త నెల అలర్ట్‌ల మీద నడిపితే మాత్రం పైన వచ్చినవాటికీ లాటరీకీ తేడా లేదు. గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్‌కి (ఖాతాల మధ్య లింకుల నుంచి నేర్చుకునే మోడల్) మారాలా?

జవాబు 1

మోడల్ మార్చే ముందు డేటా చూడండి. ఈ సమస్యలో 0.98 వస్తే ముందు అనుమానించాల్సింది లీకేజీని, అంటే మోడల్‌కి ఇచ్చే ఫీచర్లలోకి (కాలమ్‌లలోకి) జవాబు ముందే జారడాన్ని. కస్టమర్ రిస్క్ రేటింగ్, ఖాతా స్తంభన, కేవైసీ మళ్లీ చేసిన తేదీ, ఇవన్నీ కేసు తేలాక మారేవి. ఇవాళ్టి టేబుల్ నుంచి లాగితే ప్రశ్నపత్రంలోనే జవాబు అచ్చేసినట్టు. ప్రతి ఫీచర్నీ అలర్ట్ లేచిన క్షణానికి ఎంత ఉండేదో అంతే లెక్కగట్టాలి. పాత విలువలు దాచిన చరిత్ర లేని కాలమ్‌ని మొహమాటం లేకుండా తీసేయండి.

విడగొట్టడం కాలక్రమంలోనే జరగాలి. మొదటి 12 నెలలు శిక్షణకి, తర్వాతి 2 నెలలు ఖాళీ, చివరి 4 నెలలు టెస్టుకి. ఆ ఖాళీ ఎందుకంటే కేసు తేలడానికి వారాలు పడుతుంది. ఇంకా తెరిచి ఉన్న కేసుకి 0 అని రాసేస్తే మోడల్‌కి తప్పు నేర్పుతున్నట్టే. ఇంకోటి, ఒకే కస్టమర్‌కి పది అలర్ట్‌లు ఉంటే, కలగాపులగంగా విడగొట్టినప్పుడు ఎనిమిది ఇటు, రెండు అటు పడతాయి. మోడల్ నేరాన్ని కాదు, ఆ మనిషిని గుర్తుపడుతుంది.

స్మోట్ వద్దు. అది రెండు పాజిటివ్‌ల మధ్య బిందువుని పుట్టిస్తుంది. ఒకటి డొల్ల కంపెనీ, ఇంకోటి విద్యార్థి పేరున్న మ్యూల్ ఖాతా (వేరేవాళ్ల అక్రమ డబ్బు దాటించే ఖాతా) అయితే, మధ్యలో ఉండే ఖాతా లోకంలోనే ఉండదు. క్లాస్ వెయిట్ (అరుదైన పాజిటివ్‌లకి శిక్షణలో ఎక్కువ బరువు) చాలు. కాకపోతే వెయిట్ పెట్టాక వచ్చే స్కోరు సంభావ్యత కాదు, వేరుగా ఉంచిన డేటా మీద క్యాలిబ్రేట్ చేయాలి, అంటే నిజమైన సంభావ్యతకి సరిపెట్టాలి.

ఏయూసీని నమ్ముకోకండి. 1,00,000 ఖాతాల్లో 100 చెడ్డవి అనుకుందాం. వాటిలో 90 పట్టి, మంచివాటిలో కేవలం 1 శాతాన్ని తప్పుగా లేపినా 999 ఉత్త అలర్ట్‌లు. అంటే లేచినవాటిలో నిజమైనవి సుమారు 8 శాతం. ఏయూసీ చూస్తే మాత్రం ముచ్చటగా ఉంటుంది. మీ బృందం రోజుకి 40 కేసులు చూడగలిగితే, పై 40లో ఎన్ని నిజం, మొత్తం నిజాల్లో ఎన్ని ఆ 40లోకి వచ్చాయి, ఈ రెండే కొలవండి.

జవాబు 2

పై మాటలతో ఏకీభవిస్తూ, ఫీచర్ల సంగతి. 7, 30, 90 రోజుల కిటికీల్లో ఇవి కట్టండి: వచ్చిన డబ్బులో 48 గంటల్లోపు బయటికి పోయిన వాటా, కొత్తగా పంపినవాళ్ల సంఖ్య, నిద్రలో ఉన్న ఖాతా లేచాక గడిచిన రోజులు, నివేదన పరిమితికి కాస్త కింద పడ్డ నగదు జమల వాటా. ఈ చివరిదాన్ని రూపాయల్లోనో డాలర్లలోనో కాక పరిమితిలో శాతంగా పెట్టండి. అమెరికాలో 10,000 డాలర్లు దాటిన నగదుకి నివేదిక తప్పనిసరి, అందుకే జమలు 9,000 పైన గుమిగూడతాయి. పరిమితి మారితే శాతం చెడిపోదు.

ఒక్క ఫీచరే సరిపోదు. జీతం పడగానే ఇంటి అప్పు, అద్దె పోయే ఖాతాలోనూ ఆ 48 గంటల వాటా 1కి దగ్గరే. పంపేది ఒక్కరేనా ముప్పై మందా అన్నది పక్కన చేరితేనే మ్యూల్ ఖాతా విడిపోతుంది.

గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్‌కి తొందరలేదు. 2019లో వచ్చిన ఎలిప్టిక్ బిట్‌కాయిన్ డేటాసెట్‌లో 2,03,769 లావాదేవీలుంటే అక్రమమని గుర్తించినవి 4,545. దాన్ని పరిచయం చేసిన పరిశోధన పత్రంలోనే ర్యాండమ్ ఫారెస్ట్ (చాలా నిర్ణయ వృక్షాల ఓటు), గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్క్‌లలో ఒక రకమైన గ్రాఫ్ కన్వల్యూషన్ మోడల్‌ని మించింది. ఆ డేటాలోని 43వ కాలఖండంలో ఒక డార్క్ మార్కెట్ (ఇంటర్నెట్‌లో చాటుగా నడిచే అక్రమ బజారు) మూతపడ్డాక అన్ని మోడళ్లూ కుప్పకూలాయి. ముందు చేతితో గ్రాఫ్ ఫీచర్లు కట్టండి: రెండు అడుగుల (రెండు బదిలీల) దూరంలో నివేదిక వెళ్లిన ఖాతాలెన్ని, డబ్బు తిరిగి మొదటి ఖాతాకి చేరిందా. ఇలా తిరిగొచ్చే చుట్టు వెతికేటప్పుడు సమయ క్రమం చూడండి, తర్వాతి బదిలీ ముందుదానికంటే పాతదైతే అది చుట్టే కాదు. కరెంటు బిల్లులు, పన్నులు, పేమెంట్ గేట్‌వేల ఖాతాలు తీసేయకపోతే రెండడుగుల్లో ఊరంతా చుట్టాలే.

అడిగినవారు

రిస్క్ రేటింగ్ తీసేస్తే ఏయూసీ 0.81కి పడింది, దొంగ దొరికాడు. ఇంకొక సందేహం: రెండో స్థాయి (లోతైన దర్యాప్తు) దాకా వెళ్లి నివేదిక లేకుండా మూసిన కేసులకి 0 పెట్టాలా? స్కోరు తక్కువున్న అలర్ట్‌లని ఆటోమేటిక్‌గా మూసేయొచ్చా?

జవాబు 3

వాటిని 0లో కలపకండి. మొదటి స్థాయిలో నిమిషాల్లో మూసినవీ అవీ ఒకటి కావు. లక్ష్యాన్ని ‘రెండో స్థాయికి వెళ్తుందా’ అని మార్చి చూడండి. పాజిటివ్‌లు పెరుగుతాయి, స్మోట్ అవసరమే రాదు. నివేదిక వెళ్లడం కూడా నేరానికి రుజువు కాదు, ఒక విశ్లేషకుడి అనుమానం మాత్రమే.

ఆటోమేటిక్‌గా మూయడం మొదటిరోజే వద్దు. కనీసం ఒక త్రైమాసికం స్కోరుని విశ్లేషకులకి చూపకుండా పక్కన నడపండి. చూపితే వాళ్ల తీర్పు స్కోరు వైపు వాలుతుంది, అదే రేపటి లేబుల్ అవుతుంది. తర్వాత కూడా అట్టడుగు బుట్ట నుంచి యాదృచ్ఛికంగా కొన్ని తీసి మనిషితో చూపించండి. 300 చూస్తే ఒక్కటీ నిజం కాకపోతే, 95 శాతం నమ్మకంతో తప్పిపోయేవి 1 శాతం లోపే అనొచ్చు. అది సరిపోతుందా లేదా అన్నది కంప్లయన్స్ విభాగం రాతపూర్వకంగా తేల్చాలి, మోడల్ కట్టినవాళ్లు కాదు.

ఇక అసలు గుంత ఇది: మీ లేబుళ్లన్నీ రూల్స్ పట్టినవాటి నుంచే వచ్చాయి. రూల్స్ చూడనిదాన్ని ఈ మోడల్ ఎప్పటికీ చూడదు. అలర్ట్ లేని ఖాతాల మీద ఐసోలేషన్ ఫారెస్ట్ (లేబుళ్లు లేకుండానే మిగతావాటికి భిన్నమైనవాటిని ఏరే పద్ధతి) లాంటిది విడిగా నడిపి, వారానికి ఓ 20 కేసులు దర్యాప్తుకి పంపండి. మొదట్లో చెత్తే ఎక్కువొస్తుంది. అయినా కొత్త లేబుళ్లకి వేరే దారి లేదు.