తెలుగు వర్క్‌షీట్లు కొనేవారు ఏ మాటలతో వెతుకుతారో ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న: కాకినాడ టీచర్

నమస్కారం. కాకినాడలో ఒక ప్రైవేటు పాఠశాలలో పద్నాలుగేళ్లపాటు ఒకటి నుంచి ఐదో తరగతి వరకు తెలుగు బోధించి, రెండేళ్ల క్రితం ఉద్యోగం మానుకున్నాను. అప్పట్లో పిల్లల కోసం చేత్తో గీసుకున్న అభ్యాస పత్రాలను ఇప్పుడు కంప్యూటరులో శుభ్రంగా తయారు చేసుకుని, పీడీఎఫ్‌లుగా ఎట్సీ అనే ఆన్‌లైన్ సంతలోనూ, మా అబ్బాయి చేసిపెట్టిన చిన్న వెబ్‌సైటులోనూ అమ్మకానికి పెట్టాను. అచ్చులు, హల్లులు మొదలుకొని గుణింతాలు, ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాలు, చిన్న కథల వరకు మొత్తం 38 ఫైళ్లున్నాయి. ఏడాదిన్నరలో 23 మాత్రమే అమ్ముడయ్యాయి. వాటిలోనూ 9 మా బంధువులు, స్నేహితులు కొన్నవే.

కొన్నవాళ్లు బాగున్నాయనే రాశారు. అందువల్ల లోపం పత్రాలలో కంటే, అవి కావలసినవారి కంటపడకపోవడంలోనే ఉందని అనుకుంటున్నాను. వాటికి ‘ద్విత్వ, సంయుక్తాక్షరాల అభ్యాస దీపిక – మొదటి భాగం’ వంటి పేర్లు పెట్టాను. కీవర్డ్ రీసెర్చ్ (కొనేవారు వెతికే మాటలను కనిపెట్టడం) చేయమని చాలామంది సలహా ఇచ్చారు కాని, నేను చదివిన వ్యాసాలన్నీ ఇంగ్లీషు సరుకుల గురించినవే. మన భాష నేర్పే సామగ్రి కొనేవారు తెలుగు లిపిలో వెతుకుతారా, తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారా, లేక పూర్తిగా ఇంగ్లీషులోనే అడుగుతారా? నెలనెలా డబ్బు కట్టి ఏదైనా టూల్ తీసుకోవాలా? మా అబ్బాయి వెబ్‌సైటు కోడ్‌లో కీవర్డ్స్ అనే చోట అరవై మాటలు చేర్చాడు. వాటివల్ల ఏమైనా మేలు జరుగుతుందా?

సమాధానం: టెక్సస్ లెక్కల టీచర్

టీచర్ గారికి నమస్కారం. నేను టెక్సస్‌లో మూడో తరగతికి లెక్కలు చెబుతాను. 2006లో న్యూయార్క్ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు పాల్ ఎడెల్మన్ మొదలుపెట్టిన, ఉపాధ్యాయులు తమ పాఠాలను తోటి ఉపాధ్యాయులకు అమ్ముకునే సైటు టీచర్స్ పే టీచర్స్‌లో కొన్నేళ్లుగా నా లెక్కల సామగ్రిని అమ్ముతున్నాను. మీరు చేసిన పొరపాటే నేనూ మొదట్లో చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

భిన్నాల మీద నేను తయారుచేసిన మొదటి పాఠానికి, పూర్ణానికీ భాగానికీ ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవడం అనే అర్థం వచ్చే పొడవాటి పేరు పెట్టాను. శిక్షణలో మాకు ఆ భావనను అలాగే నేర్పారు. అయితే ఆదివారం రాత్రి మర్నాటి పాఠం కోసం వెతుక్కునే ఉపాధ్యాయురాలు ఆ మాటలు టైపు చేయదు. ‘సంఖ్యారేఖ మీద భిన్నాలు, మూడో తరగతి’ అని అడుగుతుంది, లేదా ఏ తరగతిలో ఏం నేర్పాలో చెప్పే ప్రమాణం నంబరునే నేరుగా కొడుతుంది. చాలా రాష్ట్రాల్లో అది ఉమ్మడి ప్రమాణాలైన కామన్ కోర్‌లోని 3.ఎన్ఎఫ్ అయితే, కామన్ కోర్‌ను తీసుకోని మా టెక్సస్‌లో రాష్ట్ర సొంత ప్రమాణాలైన టీక్స్‌లో 3.3 అవుతుంది. పాఠం అదే, పిల్లలు చేసే పనీ అదే, కాని రెండు చోట్లా వెతికే మాట వేరు. లోపల ఒక్క పేజీ కూడా మార్చకుండా పేరులోనూ వివరణలోనూ ఆ మాటలు చేర్చాక, అంతవరకు వారానికి ఒకరిద్దరు చూసిన పాఠాన్ని రోజూ ఎవరో ఒకరు తెరిచి చూడడం మొదలైంది.

మీ ‘ద్విత్వ, సంయుక్తాక్షరాలు’ వ్యాకరణపరంగా పూర్తిగా సరైన మాటలే. కాని డల్లాస్‌లోనో సింగపూర్‌లోనో ఉన్న తల్లి తన బిడ్డకు ‘ఒత్తులు’ రావడం లేదనే చెబుతుంది, పైగా సగంమంది దానినే ‘వత్తులు’ అంటారు. నేను ముందుగా చెప్పదలచింది ఇదే: కీవర్డ్ రీసెర్చ్ అంటే టూల్ కొనడం కాదు, కొనే మనిషి తన అవసరాన్ని ఏ మాటలతో చెప్పుకుంటుందో ఓపికగా వినడం. మీరు పద్నాలుగేళ్లు తల్లిదండ్రుల సమావేశాల్లో కూర్చున్నారు. వాళ్లు మీతో అన్న మాటలను గుర్తుకు తెచ్చుకుని ఒక నోటుబుక్కులో రాయండి. ‘మాట్లాడతాడు కాని చదవలేడు’, ‘గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియడం లేదు’, ‘బ, భ కలిపేస్తోంది’ వంటివి ఎన్ని గుర్తొస్తే అన్ని. మీ జాబితాకు అదే పునాది.

తరవాతి పని సెర్చ్ పెట్టెలో చేయాలి. బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, ఎట్సీలో ‘తెలుగు’ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఆగండి. కింద కనబడే సూచనలన్నీ రాసుకోండి. ఆ తరవాత మాట పక్కన ఒక్కొక్క అక్షరం చేరుస్తూ మళ్లీ చూడండి. ఇదే పని గూగుల్‌లోనూ, యూట్యూబ్‌లోనూ చేయండి. ఆ సూచనలు చాలావరకు జనం నిజంగా వెతికినవాటి నుంచే వస్తాయి కాబట్టి, పైసా ఖర్చు లేకుండా వాళ్ల నోటి మాట మీకు తెలుస్తుంది. ఒక్కొక్క మాటకు ఎదురుగా ఆ మనిషి ఎవరు, ఏ వయసు బిడ్డ కోసం వెతుకుతోంది, కొనడానికి వచ్చిందా ఉచితంగా దొరుకుతుందేమోనని చూస్తోందా అన్న మూడు సంగతులు రాసుకుంటే, ఏ మాట ఏ ఫైలుకు సరిపోతుందో మీకే తేలుతుంది. ‘తెలుగు’ అన్న ఒంటి మాటలో సినిమా పోస్టర్ల నుంచి పెళ్లి శుభలేఖల వరకు అన్నీ కలిసిపోయి ఉంటాయి. ‘ఐదేళ్ల పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దే వర్క్‌షీట్లు’ అని వెతికే మనిషి కొద్దిమందిలో ఒకరే అయినా, మీ సరుకు కోసమే వచ్చిన మనిషి.

ఎట్సీలో ఒక్కొక్క వస్తువుకు 13 ట్యాగులు (వెతికేవారికి వస్తువు దొరికేలా చేర్చే చిన్న మాటలు) ఇస్తారు. ఒక్కొక్క ట్యాగులో ఖాళీలతో కలిపి 20 అక్షరాలకు మించకూడదు. ఇంగ్లీషు అక్షరాల్లో ‘తెలుగు గుణింతాలు వర్క్‌షీట్’ అని రాస్తే 27 అవుతుంది కాబట్టి పట్టదు. దాన్ని ‘తెలుగు గుణింతాలు’, ‘గుణింతాలు వర్క్‌షీట్’ అని రెండు ట్యాగులుగా విడదీయాలి. ‘త’కు టీ, హెచ్ రెండూ పెట్టి రాస్తే రెండోది సరిగ్గా 20 వస్తుంది. పదమూడు ట్యాగుల్లోనూ ఒకే మాటను తిప్పి తిప్పి రాయడం కంటే, అక్షరం పేరు, వయసు, చేసే పని, సందర్భం ఇలా వేరువేరు దారుల్లో వచ్చేవారికి తలా ఒకటి కేటాయించడం మంచిది. శీర్షికకు 140 అక్షరాల వరకు అవకాశం ఉన్నా, అందులో మాటలు కుక్కి పెట్టకండి. చదివే మనిషికి మొదటి నాలుగైదు మాటల్లోనే వస్తువేమిటో తెలియాలి.

సమాధానం: న్యూజెర్సీ నాన్న

నేను అమ్మేవాణ్ని కాదు, కొనేవాణ్ని. మా అమ్మాయికి ఆరేళ్లు. నేను వెతికిన తీరు చెబితే మీకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది గుంటూరులోనే, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అయినా నా ఫోనులో తెలుగు కీబోర్డు వాడింది చాలా తక్కువ. అందుకని మొదట పూర్తిగా ఇంగ్లీషులోనే ‘తెలుగు ఆల్ఫాబెట్ ట్రేసింగ్’ అని వెతికాను. ‘దిద్దడం’ అనే మాట తెలియక కాదు, అది ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో తోచక. అచ్చులు, హల్లులు అయిపోయి గుణింతాలకు వచ్చాక మాత్రం ఇంగ్లీషు మాట దొరకలేదు. అప్పుడు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను: ఒకసారి ‘త’కు టీ ఒక్కటే పెట్టి, ఇంకోసారి టీ పక్కన హెచ్ పెట్టి. రెండుసార్లూ వేరువేరు ఫలితాలు వచ్చాయి. ‘హల్లులు’లో ఎల్ ఒకటి రాసినప్పుడు, రెండు రాసినప్పుడు కూడా అలాగే జరిగింది. ‘వత్తులు’ అని వెతికితే దీపారాధన వత్తులు వరసగా వచ్చాయి. పక్కన ‘తెలుగు లెటర్స్’ అని చేర్చితే తప్ప అక్షరాల ఒత్తులు కనబడలేదు. మీరు ఆ మాటను ఒంటిగా ట్యాగుగా పెడితే పూజాసామగ్రి కొనేవాళ్లు వచ్చి చూసి వెనక్కి వెళ్లిపోతారు.

ఇక్కడ కాలం కూడా చూసుకోవాలి. ప్రవాస పిల్లలకు తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి తరగతులు సెప్టెంబరులో మొదలవుతాయి కాబట్టి ఆగస్టు నెలాఖరులో మా తల్లిదండ్రుల వాట్సాప్ గుంపుల్లో ‘ఇంట్లో రాయించడానికి ఏవైనా షీట్లు ఉన్నాయా’ అనే ప్రశ్న మొదలవుతుంది. చిన్నపిల్లలున్నవాళ్లు వసంత పంచమికి ముందు అక్షరాభ్యాసం కోసం వెతుకుతారు. ఆ సమయంలో ఎవరికీ నలభై పేజీల అభ్యాసం అక్కరలేదు. ‘ఓం నమః శివాయ’ దిద్దే ఒక అందమైన పేజీ, ‘అ ఆ’ల చార్టు ఉంటే చాలు. మీ దగ్గర అలాంటిది ఉందో లేదో తెలియదు కాని, ఉంటే నేనే కొనేవాణ్ని.

ఇంకొక్క మాట. కొందరు తమ సామగ్రి మనబడి పాఠ్యప్రణాళికకు చెందినదే అన్నట్టుగా ఆ పేరును శీర్షికలో వాడతారు. అలా చూసి ఒకసారి కొని, లోపల సంబంధమే లేదని తెలిసి బాధపడ్డాను. దయచేసి మీరు ఆ పని చేయకండి.

సమాధానం: హైదరాబాద్ వెబ్ డెవలపర్

మేడమ్, వెబ్‌సైటు సంగతి మాత్రం నేను చెబుతాను. కోడ్‌లోని కీవర్డ్స్ ట్యాగును తమ వెబ్ సెర్చ్ ర్యాంకింగులో లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. మీ అబ్బాయి చేర్చిన అరవై మాటలవల్ల హాని లేదు, లాభమూ లేదు. ఆ మాటల్లో నిజంగా మీ వస్తువులకు సంబంధించినవి పది ఉంటే, వాటిని పేజీ శీర్షికలో, మొదటి పేరాలో, బొమ్మలకు ఇచ్చే వివరణలో సహజమైన వాక్యాలుగా రాయించండి. 38 ఫైళ్లనూ ఒకే పేజీలో వరసగా పేర్చి ఉంటే, ముందుగా గుణింతాలకు ఒక పేజీ, ఒత్తులకు ఒక పేజీ, కథలకు ఒక పేజీ అని విడదీయండి. అన్నీ కలిసి ఉన్న పేజీ ఏ ఒక్క ప్రశ్నకూ సూటిగా జవాబు కాలేదు.

డబ్బు కట్టే టూళ్లు మీకు ఇప్పుడు అవసరం లేదని నా అభిప్రాయం. ఇంత చిన్న సంతలో అవి చూపే అంకెలను నేను నమ్మను. ముందుగా గూగుల్ సెర్చ్ కన్సోల్‌ను మీ సైటుకు కలపండి, అది ఉచితం. ఏ మాటలతో వెతికినప్పుడు మీ పేజీ కనబడింది, ఎన్నిసార్లు కనబడింది, ఎందరు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నవి అందులో తెలుస్తాయి. చాలాసార్లు కనబడుతున్నా ఎవరూ నొక్కని మాట మీద ముందుగా దృష్టి పెట్టండి, ఎందుకంటే అక్కడ గిరాకీ ఉంది, మీ శీర్షికే వాళ్లను ఆకర్షించడం లేదు.

గూగుల్ యాడ్స్‌లోని కీవర్డ్ ప్లానర్‌లో దేశాన్ని బట్టి అంకెలు చూడవచ్చు కాని, ప్రకటనలకు ఖర్చు పెట్టనివారికి 100 నుంచి 1,000 వరకు అన్నట్టు విశాలమైన పరిధులే చూపుతుంది. గూగుల్ ట్రెండ్స్‌లో వచ్చేది వెతుకులాటల సంఖ్య కాదు, అత్యధిక స్థాయిని 100గా తీసుకుని మిగతావాటిని దానితో పోల్చిన కొలత. ఒకే మాటకున్న రెండు స్పెల్లింగులను పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ వాడుకలో ఉందో చూడడానికి, ఏ నెలల్లో ఆసక్తి పెరుగుతుందో తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

లిపి గురించి అడిగారు. అమెరికా, బ్రిటన్ తల్లిదండ్రుల కోసం ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు రెండూ ఉండాలి. ఇక్కడి ఉపాధ్యాయుల కోసమైతే వేరే మాటలు కావాలి. 2021లో కేంద్రం చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు గట్టిగా నేర్పే కార్యక్రమంగా నిపుణ్ భారత్‌ను మొదలుపెట్టాక, మరుసటి ఏడాది తెలంగాణలో అలాంటిదే తొలిమెట్టు వచ్చాక, మన ప్రాథమిక ఉపాధ్యాయులు ‘టీఎల్‌ఎం’ (బోధన సామగ్రి), ‘ఎఫ్‌ఎల్‌ఎన్’ (పునాది అక్షరాస్యత, సంఖ్యాజ్ఞానం), ‘లెసన్ ప్లాన్’ అనే మాటలతో వెతకడం చూస్తున్నాను. అయితే వారిలో ఎక్కువమంది ఉచిత పీడీఎఫ్‌ల కోసమే వస్తారు. వారికోసం ఒక నమూనా పత్రం ఉచితంగా పెట్టండి కాని, అమ్మకాల లెక్కను వారి రాకపోకల మీద వేసుకోకండి.

తిరిగి: కాకినాడ టీచర్

ముగ్గురికీ కృతజ్ఞతలు. నోటుబుక్కు మొదలుపెట్టాను, ఇప్పటికి నాలుగు పేజీలు నిండాయి. తల్లిదండ్రులు అన్న మాటలు ఒక వరసలో, నేను పెట్టిన పేర్లు ఇంకో వరసలో రాసి చూసుకుంటే, 38 పేర్లలో ఆరు మాత్రమే కలిశాయి. ‘అభ్యాస దీపిక’ అనే మాట ఒక్క తల్లి నోటి నుంచైనా విన్నట్టు గుర్తు లేదు. ‘బ, భ’, ‘ద, ధ’ తేడా గురించి చాలామంది అడిగేవారు. దాని మీద విడిగా నేను ఒక్క పత్రం కూడా చేయలేదని ఇప్పుడే తెలిసింది.

ఒక సందేహం మిగిలింది. 38 శీర్షికలనూ ఈ వారమే మార్చేయవచ్చా? ‘ద్విత్వాక్షరాలు’ అనే మాటను పూర్తిగా వదిలేయడానికి మాత్రం నాకు మనసు ఒప్పడం లేదు.

సమాధానం: టెక్సస్ లెక్కల టీచర్

ఆ మాటను వదలకండి. శీర్షికలో ‘ఒత్తులు’ ఉంచి, వివరణలో ‘ద్విత్వ, సంయుక్తాక్షరాలు’ అని స్పష్టంగా రాయండి. భాష తెలిసిన ఉపాధ్యాయులు అది చూసే మిమ్మల్ని నమ్ముతారు.

అన్నీ ఒకేసారి మార్చితే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. ముందు ఐదు ఫైళ్లు తీసుకుని, మార్చిన తేదీ రాసుకుని, ఆరు వారాలు ఆగండి. ఎట్సీ షాప్ స్టాట్స్‌లో ఏ సెర్చ్ మాటలవల్ల జనం వచ్చారో చూడవచ్చు. చూసినవారి సంఖ్యనూ కొన్నవారి సంఖ్యనూ విడివిడిగా లెక్కపెట్టండి. చూసేవారు పెరిగి కొనేవారు పెరగకపోతే, మాట సరైనదే కాని ప్రివ్యూ బొమ్మలోనో ధరలోనో చిక్కుందని అర్థం. అప్పుడు లోపలి పేజీలు రెండు మూడు స్పష్టంగా కనబడేలా పెట్టండి. ఎట్సీ ఒక్కొక్క వస్తువుకు నాలుగు నెలలకు 20 సెంట్లు తీసుకుంటుంది కాబట్టి, 38కి ప్రతిసారీ 7 డాలర్ల 60 సెంట్లు అవుతాయి. ఎవరూ చూడని చిన్న ఫైళ్లను మళ్లీ రెన్యూ చేయకుండా, నాలుగైదింటిని కలిపి ఒక ప్యాక్‌గా పెట్టడం నయం.

‘బ, భ’ పత్రం మాత్రం ఆగకుండా ఇప్పుడే చేయండి. అలాంటిదాన్ని నేను ఎట్సీలో ఇందాక నాలుగు రకాల స్పెల్లింగులతో వెతికాను, ఒక్కటీ కనబడలేదు.