లెక్కల్లో తడబడుతున్న పాపకి ఇంటి దగ్గర ఏ పుస్తకం పట్టుకోవాలి?

కోనసీమ అమ్మ

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా పాపకి తొమ్మిదేళ్లు నిండాయి. మూడో తరగతి మధ్యలో స్కూలు మానిపించేశాం. అక్కడ లెక్క తప్పు చేసిన పిల్లల్ని బోర్డు దగ్గర నిలబెట్టి, ఆ తప్పేంటో మిగతా పిల్లల చేత చెప్పించేవారు. లెక్కల పీరియడ్ ఉన్న ప్రతిరోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేది. డాక్టరుకి చూపిస్తే కడుపులో ఏమీ లేదన్నారు. ఎనిమిది నెలలుగా ఇంటి దగ్గర నేనే చెప్తున్నాను. తెలుగు గడగడా చదువుతుంది. ఇంగ్లీషు పర్వాలేదు. బాధంతా లెక్కలతోనే.

ఈ ఎనిమిది నెలల్లో మూడు రకాలు మార్చాను. ముందు మన రాష్ట్ర ప్రభుత్వ పుస్తకం, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా, అది. తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2024లో మూడో తరగతికి కొత్తగా తెచ్చిన మ్యాథ్స్ మేళా డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీయించాను. బొమ్మలూ ఆటలూ పాపకి నచ్చాయి, కానీ వారం తిరిగేసరికి అందులో ఏం వచ్చింది, ఏం రాలేదు అన్నది నాకు తెలిసేది కాదు. ఆఖరికి సింగపూర్ పద్ధతి వర్క్‌బుక్కులు ఆన్‌లైన్లో తెప్పించాను. రెండు నెలలకి అవీ ఆగిపోయాయి.

నిన్నటి సంగతి చెప్తాను. 52 లోంచి 27 తియ్యమంటే 35 అని రాసింది. ఎలా వచ్చిందమ్మా అన్నాను. "రెండులోంచి ఏడు పోదుగా, అందుకని ఏడులోంచి రెండు తీశాను" అంది. తప్పు అన్నాను. వెంటనే రబ్బరు తీసుకుని చెరిపేసి 45 రాసి నా మొహం చూసింది. మళ్లీ చెరిపి 25 రాసింది. అక్కడ కాగితం చిరిగిపోయింది. జవాబు సరైనదే, కానీ అది నా మొహం చూసి రాసిన జవాబు. రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

మా అత్తగారు జూన్‌లో మళ్లీ స్కూల్లో వేసెయ్యమంటున్నారు. మా వారు నీ ఇష్టం అంటున్నారు. ఏదో ఒక పుస్తకం చెప్పండి, ఇక మార్చకుండా దాన్నే పట్టుకుంటాను.

పాలకొల్లు లెక్కల మేస్టారు

అమ్మా, పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. మీ పాప 35 అని ఊరికే రాయలేదు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలి అని తనకు తానే ఒక నియమం పెట్టుకుంది. నేను హైస్కూల్లో ఆరో తరగతికి చెప్పినన్నాళ్లూ ఏటా ఈ తప్పు చూశాను. ఆ పిల్లలకి తీసివేత రాక కాదు. వాళ్లకి 52 అంటే పక్కపక్కన నిలబడ్డ ఐదూ రెండూ. ఐదు పదులూ రెండు ఒకట్లూ అని కనపడదు.

ఇలా చేసి చూడండి. కొబ్బరి ఈనెలు తీసుకుని జానెడేసి ముక్కలుగా ఓ వంద విరవండి. పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వెయ్యాలి. ఆ కట్టలు పాపే కట్టాలి, మీరు కట్టి ఇవ్వద్దు. కొన్ని విడి పుల్లలు కూడా ఉంచి 52 పెట్టమనండి. ఒక్కొక్కటీ లెక్కపెడుతుందా, ఐదు కట్టలూ రెండు పుల్లలూ పెడుతుందా చూడండి. తర్వాత అందులోంచి 27 నాకివ్వమ్మా అనండి. ఇక నోరు విప్పకండి. మీ మొహం కూడా కనపడకుండా పక్కన కూర్చోండి.

"పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకో" అనే మాట మాత్రం వద్దు. నేనూ ఏళ్ల తరబడి అదే చెప్పాను. ఒకసారి ఓ పిల్లాడు "తెచ్చుకున్న అప్పు ఎప్పుడు తీర్చాలి మేస్టారూ?" అని అడిగాడు. నేను ఏమీ చెప్పలేకపోయాను. ఇక్కడ అప్పేమీ లేదమ్మా, ఒక కట్ట విప్పడమే.

ఇంకోటి, కొన్నాళ్లు అంకెలు తెలుగులోనే పలికించండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ అంటే పిల్లల చెవికి దాదాపు ఒకేలా వినపడతాయి. పదిహేను, యాభై అలా కలిసిపోవు. ఇంగ్లీషులో ఎలెవెన్, ట్వెల్వ్ అంటే అందులో పది ఎక్కడుందో వినపడదు. మన పదకొండు, పదమూడు, పదిహేడు చూడండి, పది ముందే పలుకుతుంది. పన్నెండు, పంతొమ్మిదిలో కాస్త నలిగిందంతే.

భీమవరం నాన్న

మేస్టారి మాటే నాదీను. అయినా మీరు పుస్తకం అడిగారు కాబట్టి చెప్తాను. మా అబ్బాయి మూడేళ్లుగా ఇంటి దగ్గరే చదువుతున్నాడు, ఇప్పుడు పదమూడేళ్లు.

మీరు తెచ్చిన మూడూ మంచివేనండి. మొదటి రెండింట్లోనూ ఒకే విషయం ఏటా కొంచెం కొంచెం పెరుగుతూ మళ్లీ వస్తుంది. పోయినేడాదిది పిల్లకి వచ్చేసిందనుకుని పుస్తకం ముందుకెళ్తుంది. కింద మెట్టు లేని పిల్లకి ఆ పద్ధతి కష్టం. సింగపూర్ పద్ధతిలో తక్కువ విషయాల మీద ఎక్కువ రోజులు ఉంటారు. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆఖరున అంకెలు. కానీ మీరు వర్క్‌బుక్కులు మాత్రమే తెప్పించినట్టున్నారు. వస్తువులతో చేయించే మొదటి మెట్టు వర్క్‌బుక్కులో కనపడదు, టీచరు గైడులో ఉంటుంది. అందుకే ఆగిపోయి ఉంటుంది. మేస్టారు చెప్పిన ఈనెలే మీకు ఆ మెట్టు.

నేనైతే ఆ సింగపూర్ వరసలోనే రెండో తరగతిది తీసుకుంటాను. అట్ట మీద తరగతి అంకె కనపడకుండా అట్ట వేసెయ్యండి. మా వాడికి నేను అలాగే చేశాను. తొమ్మిదేళ్ల పిల్లకి "2" అని కనపడితే మనసు నొచ్చుకుంటుంది.

ముందు ముందు దశాంశాలు వచ్చినప్పుడు మన పొలాల లెక్క వాడుకోండి. మా వాడు ఒకటిన్నర ఎకరం, అంటే 1.5 రాసి, దాన్ని ఎకరం ఐదు సెంట్లు అని చదివాడు. గట్టు మీద నిలబెట్టి, ఎకరానికి వంద సెంట్లు కదా, అందులో సగం ఎంత అన్నాను. యాభై అన్నాడు. మరి ఐదు సెంట్లయితే ఎలా రాస్తావు అంటే కాసేపాగి 1.05 అని మట్టిలో రాశాడు. మళ్లీ అందులో తప్పు చెయ్యలేదు.

పరీక్షల గురించి టెన్షన్ పడకండి. ఎన్‌ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్లో, పదో తరగతి రాయడానికి పద్నాలుగేళ్లు నిండాలి. మీ చేతిలో ఇంకా ఐదేళ్లున్నాయి.

రాజోలు పిన్ని

నాది ఒక్క మాటే చెల్లీ. రెండు, మూడు నెలలు పుల్లలతో చేసినా కదలిక లేకపోతే ఆలస్యం చెయ్యకు. మా పిల్ల నాలుగు గింజలు ముందు పెట్టినా చూసి నాలుగు అనలేకపోయేది, ప్రతిసారీ వేలు పెట్టి లెక్కపెట్టేది. బద్ధకం అనుకుని తిట్టాను. ఆ తిట్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. విశాఖలో క్లినికల్ సైకాలజిస్టుకి చూపిస్తే డిస్కాల్క్యులియా అన్నారు, అంటే అంకెలూ లెక్కలూ పట్టుబడని ఇబ్బంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో అది కూడా ఉంది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడగొచ్చు. మీ పాపకి అదే అని నేననడం లేదు.

ఈలోగా రోజూ అష్టాచెమ్మా ఆడించు. నాలుగు గవ్వలు పడగానే లెక్కపెట్టకుండా మూడు, రెండు, చెమ్మ అని చెప్పగలుగుతోందో లేదో నీకే తెలిసిపోతుంది.

కోనసీమ అమ్మ

వారం అయిందండి. అందరి మాటా విన్నాను.

ఈనెలు మా అత్తగారే కొబ్బరాకుల నుంచి తీసిచ్చారు. మొదటి రోజు పాప 52 పుల్లలూ ఒక్కొక్కటే లెక్కపెట్టింది, 38 దగ్గర తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టింది. మేస్టారు అన్నదే నిజం. మూడో రోజుకి కట్టలు పెట్టడం వచ్చింది. నిన్న 27 ఇమ్మన్నాను. రెండు కట్టలు ఇచ్చేసింది. మిగిలిన మూడు కట్టల వైపూ, రెండు పుల్లల వైపూ చాలాసేపు చూసింది. నేను బియ్యం ఏరుతూ తల దించుకునే ఉన్నాను. వాళ్ల మామ్మ కూడా ఈనెలు తీయడం ఆపేశారు.

"కట్ట విప్పొచ్చా?" అంది.

నీ పుల్లలే కదా అన్నాను. బ్యాండు తీసి చేతికి గాజులా వేసుకుంది. పుల్లలన్నీ పరిచి ఏడు నా ఒళ్లో పెట్టి, మిగిలినవి చూసి "ఇరవై ఐదు" అంది. ఈసారి నా వైపు చూడలేదు.

గవ్వలు కూడా ఆడుతున్నాం. మూడు వరకూ చూడగానే చెప్తోంది పిన్నిగారూ. రెండో తరగతి పుస్తకం తెప్పిస్తున్నాను, మ్యాథ్స్ మేళా ఆదివారం ఆటలకి ఉంచుతాను. మేస్టారూ, పుల్లలు ఎన్నాళ్లు ఉంచమంటారు? ఎప్పుడు తీసెయ్యాలి?

పాలకొల్లు లెక్కల మేస్టారు

మీరు తీసెయ్యద్దమ్మా. పుల్లలు వద్దు, గీసేసుకుంటాను అని పాపే అంటుంది. గీతకి పది, చుక్కకి ఒకటి అని గీయనివ్వండి. అది కొన్ని వారాలు సాగాక అంకెలు. ఆ తర్వాత వందలు వస్తాయి. పది కట్టలు కలిపి ఒక పెద్ద కట్ట కట్టించాలి. దానికి ఇప్పుడున్న ఈనెలు చాలవు. మీ అత్తగారిని ఇంకో నాలుగు వందలు తీసి ఉంచమనండి.